ఉష్ణ సామర్థ్య ప్రమాణాల మార్పిడి

ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు, లేదా ఒక చోటు నుండి మరొక చోటుకు, నిర్ణీత కాలంలో ఎంత ఉష్ణం చేరుతున్నదో తెలిపే రాశిని ఉష్ణ సామర్థ్యం అంటారు. దీనిని కొలవడానికి అంతర్జాతీయ పద్ధతిలో వాట్ ఒక్కటే ప్రమాణం. అయినప్పటికీ వ్యవహారంలో గంటకు కిలోకెలోరీలు, గంటకు బ్రిటిష్ థర్మల్ యూనిట్లు (బి.టి.యు.), శీతలీకరణ టన్నులు, బాయిలరు హార్స్‌పవరు మొదలైన ప్రమాణాలు నేటికీ చలామణిలో ఉన్నాయి. ఒకే ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు టన్నులలో, దానిని నడిపే మోటారు హార్స్‌పవరులో, కరెంటు బిల్లు కిలోవాట్ గంటలలో, నీటి లెక్క కిలోకెలోరీలలో ఉండడం సాధారణం. అందువలన ఒక ప్రమాణంలో ఉన్న విలువను మరొక ప్రమాణంలోకి మార్చడం ఇంజనీర్లకు, మెకానిక్కులకు, కొనుగోలుదారులకు తప్పనిసరి అవుతున్నది.

గమనిక: కొన్ని పాఠ్యపుస్తకాలలో "ఉష్ణ సామర్థ్యం" అనే మాటను ఒక వస్తువు ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణం అనే అర్థంలో కూడా వాడతారు. దానిని ఉష్ణధారణ అనడం మేలు. ఈ వ్యాసంలో సామర్థ్యం అంటే పని జరిగే రేటు, అనగా శక్తిని కాలంతో భాగించగా వచ్చేది మాత్రమే.

శక్తి, సామర్థ్యం

మార్పిడిలో దొర్లే తప్పులలో అత్యధికం శక్తికీ సామర్థ్యానికీ తేడా గమనించకపోవడం వలన వచ్చేవే. బకెట్టులో ఉన్న నీరు శక్తి వంటిది. కుళాయి నుండి నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయన్నది సామర్థ్యం వంటిది. జౌల్, కెలోరి, బి.టి.యు., కిలోవాట్ గంట – ఇవి శక్తికి ప్రమాణాలు. వాట్, గంటకు కిలోకెలోరి, గంటకు బి.టి.యు., శీతలీకరణ టన్ను – ఇవి సామర్థ్యానికి ప్రమాణాలు. మొదటి జట్టులోని వాటిని రెండవ జట్టులోకి నేరుగా మార్చడం కుదరదు. మధ్యలో కాలం కావాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వ్యాపార ప్రకటనలలో "గంటకు" అన్న మాటను తరచుగా వదిలేస్తారు. "18,000 బి.టి.యు. ఏ.సి." అని రాసి ఉంటే దానిని గంటకు 18,000 బి.టి.యు. అనే చదువుకోవాలి. "కిలోవాట్" అనవలసిన చోట "కిలోవాట్ గంట" అనడం, దానికి తారుమారుగా అనడం పత్రికలలో సైతం కనిపిస్తుంది. విద్యుత్ బిల్లులోని "యూనిట్" ఒక కిలోవాట్ గంట, అది శక్తి.

అట్లే "హార్స్‌పవరు"ను తెలుగులో అశ్వశక్తి అనడం పరిపాటి అయింది గాని, అది సామర్థ్యానికి కొలత కనుక అశ్వసామర్థ్యం అనడమే శాస్త్రసమ్మతం.

చరిత్ర

స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1760వ దశకంలో గ్లాస్గోలో చేసిన ప్రయోగాల వలన ఉష్ణోగ్రతకూ ఉష్ణానికీ ఉన్న భేదం స్పష్టమైంది. కరుగుతున్న మంచు ఎంత ఉష్ణాన్ని పీల్చుకున్నా దాని ఉష్ణోగ్రత పెరగదని గమనించి, ఆ దాగిన ఉష్ణానికి గుప్తోష్ణం అన్న భావనను ఆయన ప్రవేశపెట్టాడు. ఆ రోజులలో అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే పనిలో ఉన్న జేమ్స్ వాట్ తరువాత ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచాడు. తన యంత్రాలను కొనేవారికి వాటి బలం అర్థం కావాలని గుర్రంతో పోల్చి, నిమిషానికి 33,000 అడుగు-పౌనుల పనిని ఒక హార్స్‌పవరుగా లెక్కకట్టాడు.

అయితే ఉష్ణాన్ని ఒక కొలతతోను, యాంత్రిక పనిని మరొక కొలతతోను కొలవడం అప్పటి ఆచారం. రెండూ ఒకటేనని నిరూపించినవాడు ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. దిగే బరువులతో నీటిలో తెడ్లను తిప్పి, ఆ నీరు ఎంత వేడెక్కిందో కొలిచి, 1850లో ప్రచురించిన పత్రంలో ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడి చేయడానికి సుమారు 772 అడుగు-పౌనుల పని కావాలని తేల్చాడు. నేటి విలువ సుమారు 778. ఆనాటి థర్మామీటర్లతో అంత దగ్గరకు రావడం విశేషమే. ఈ సంబంధాన్నే పాఠ్యపుస్తకాలలో ఉష్ణ యాంత్రిక తుల్యాంకం పేరుతో చదువుకుంటాము. ఈ వ్యాసంలో ఉన్న మార్పిడులన్నింటికీ ఇదే పునాది.

సామర్థ్యపు ప్రమాణానికి వాట్ పేరు పెట్టాలని 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు. 1948లో తూనికలు, కొలతల సార్వత్రిక సమావేశం ఉష్ణానికి కూడా జౌల్‌నే ప్రమాణంగా తీసుకోవాలని నిర్ణయించింది. 1960లో అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతి ఏర్పడినప్పుడు వాట్ అందులో చేరింది. భారతదేశంలో 1956 నాటి చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది. 1976లో ఒకసారి, 2009లో మరొకసారి తూనికలు, కొలతల చట్టాలు కొత్తగా చేయబడ్డాయి. ఇన్ని చట్టాలు వచ్చినా మన ఇళ్ళలోని ఏ.సి. యంత్రాలను మాత్రం నేటికీ టన్నులలోనే అడిగి కొంటున్నాము.

కెలోరి, బి.టి.యు.

ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణం ఒక కెలోరి. వెయ్యి కెలోరీలు ఒక కిలోకెలోరి. ఆహార పదార్థాల పొట్లాల మీద "కెలోరీలు" అని రాసి ఉన్నవి చాలా సందర్భాలలో కిలోకెలోరీలే.

ఒక పౌను నీటి ఉష్ణోగ్రతను ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పెంచడానికి కావలసిన ఉష్ణం ఒక బి.టి.యు. పౌనుకు 453.59237 గ్రాములు, ఒక ఫారన్‌హీట్ డిగ్రీ సెల్సియస్ డిగ్రీలో 5/9 వంతు. ఈ రెంటినీ గుణిస్తే ఒక బి.టి.యు. సుమారు 252 కెలోరీలు అని తేలుతుంది.

నీటిని ఏ ఉష్ణోగ్రత దగ్గర వేడి చేస్తున్నామన్నదాన్ని బట్టి దాని విశిష్టోష్ణం స్వల్పంగా మారుతుంది. అందువలన కెలోరీలు ఒకటి కాక పలు రకాలయ్యాయి. రసాయన శాస్త్రంలో వాడే కెలోరి సరిగ్గా 4.184 జౌళ్ళు. ఆవిరి పట్టికలలో వాడే "అంతర్జాతీయ పట్టిక కెలోరి" సరిగ్గా 4.1868 జౌళ్ళు, ఇది 1956లో లండనులో జరిగిన ఆవిరి ధర్మాల సదస్సులో స్థిరపడింది. బి.టి.యు.కి కూడా ఇదే జబ్బు ఉంది: ఒకటి 1,055.06 జౌళ్ళు, మరొకటి 1,054.35 జౌళ్ళు. రెంటికీ తేడా 0.07 శాతం కంటె తక్కువ కనుక ఇంటి ఏ.సి.కి, బాయిలరుకి దీనిని పట్టించుకోనక్కర లేదు. ప్రయోగశాలలో పనిచేసేవారు మాత్రం ఏ కెలోరి వాడారో పేర్కొనడం మంచిది. ఈ వ్యాసంలోని అంకెలన్నీ అంతర్జాతీయ పట్టిక విలువలతో లెక్కించినవి.

4.1868 అన్న అంకెను ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. గంటకు ఒక కిలోకెలోరి అంటే 3,600 సెకనులకు 4,186.8 జౌళ్ళు. భాగిస్తే సరిగ్గా 1.163 వాట్లు వస్తుంది. దశాంశాల తోక ఉండదు.

శీతలీకరణ టన్ను

ఈ ప్రమాణాలన్నింటిలో కొత్తవారిని ఎక్కువ తికమక పెట్టేది టన్ను. "ఒకటిన్నర టన్నుల ఏ.సి." అన్నప్పుడు అది యంత్రం బరువు కాదు, అందులో నింపిన వాయువు బరువు అంతకన్నా కాదు.

యంత్రాలు రాకముందు చల్లదనం అంటే మంచుగడ్డే. అమెరికాలో చలికాలంలో గడ్డకట్టిన చెరువులను రంపాలతో కోసి, ఆ గడ్డలను రంపపు పొట్టులో పాతి నిలవ చేసి, వేసవిలో అమ్మేవారు. బోస్టన్ వర్తకుడు ఫ్రెడెరిక్ ట్యూడర్ 1833లో ఓడ మీద కలకత్తాకు మంచు పంపించాడు. మద్రాసు సముద్రతీరాన 1842లో ఆయన కట్టించిన ఐస్ హౌస్ నేటికీ నిలిచి ఉంది. 1897లో స్వామి వివేకానంద బస చేసిన ఆ భవనాన్ని ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు. మద్రాసులో నివసించిన తెలుగువారికి "ఐస్ హౌస్" అన్నది ఒక పేట పేరుగా కూడా పరిచయమే.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో సారా బట్టీలకు, మాంసపు గోదాములకు శీతలీకరణ యంత్రాలు అమ్మవచ్చినవారిని కొనేవారు అడిగిన ప్రశ్న సహజమైనదే: ఈ యంత్రం రోజుకు ఎన్ని టన్నుల మంచు చేసే పని చేస్తుంది? ఆ ప్రశ్నే ప్రమాణంగా స్థిరపడింది. 0° సెల్సియస్ వద్ద ఉన్న ఒక టన్ను మంచు 24 గంటలలో పూర్తిగా కరిగిపోతూ ఎంత ఉష్ణాన్ని పీల్చుకుంటుందో, ఆ రేటున ఉష్ణాన్ని తొలగించగల సామర్థ్యమే ఒక శీతలీకరణ టన్ను.

ఇక్కడ టన్ను అంటే అమెరికా వారి చిన్న టన్ను, 2,000 పౌనులు (సుమారు 907 కిలోగ్రాములు). పౌను మంచు కరగడానికి 144 బి.టి.యు.లు అని గుండ్రంగా తీసుకున్నారు. కనుక,

2,000 × 144 = 2,88,000 బి.టి.యు. (24 గంటలకు)
2,88,000 ÷ 24 = గంటకు 12,000 బి.టి.యు.
12,000 × 0.293071 = 3,517 వాట్లు (సుమారు 3.52 కిలోవాట్లు)
3,517 ÷ 1.163 = గంటకు 3,024 కిలోకెలోరీలు

నిజానికి మంచు గుప్తోష్ణం పౌనుకు 144 కంటె కొద్దిగా తక్కువ (సుమారు 143.4). అయినా టన్ను నిర్వచనం ఇప్పుడు మంచు మీద కాక 12,000 అన్న అంకె మీదనే ఆధారపడి ఉంది కనుక ఆ సవరణ అవసరం లేదు.

జపానులో వేరొక టన్ను ఉంది. అది 1,000 కిలోగ్రాముల మంచుతో లెక్కించినది, కిలోకు 79.68 కిలోకెలోరీల చొప్పున గంటకు 3,320 కిలోకెలోరీలు, అనగా 3.86 కిలోవాట్లు. అమెరికా టన్ను కంటె ఇది సుమారు 10 శాతం పెద్దది. ఒక శీతల గిడ్డంగికి 100 జపాను టన్నులు (386 కిలోవాట్లు) కావాలని లెక్కవేసి, వచ్చిన యంత్రం 100 అమెరికా టన్నులది (352 కిలోవాట్లు) అయితే 34 కిలోవాట్ల లోటు ఏర్పడుతుంది. చలికాలంలో ఆ లోటు బయటపడదు. మే నెలలో, గిడ్డంగి నిండుగా ఉన్నప్పుడు, కంప్రెసరు ఆగకుండా తిరుగుతున్నా గది చల్లబడనప్పుడు బయటపడుతుంది. అప్పటికి లోపల ఉన్నది రైతుల సరుకు.

మార్పిడి విలువలు

1 కిలోవాట్ = గంటకు 859.85 కిలోకెలోరీలు = గంటకు 3,412.14 బి.టి.యు.లు = 0.2843 శీతలీకరణ టన్ను = 1.341 హార్స్‌పవరు
గంటకు 1 కిలోకెలోరి = 1.163 వాట్లు = గంటకు 3.968 బి.టి.యు.లు
గంటకు 1 బి.టి.యు. = 0.2931 వాట్ = గంటకు 0.252 కిలోకెలోరి
సెకనుకు 1 కెలోరి = 4.1868 వాట్లు
1 శీతలీకరణ టన్ను = 3.517 కిలోవాట్లు = గంటకు 3,024 కిలోకెలోరీలు = గంటకు 12,000 బి.టి.యు.లు
1 జపాను శీతలీకరణ టన్ను = 3.861 కిలోవాట్లు = గంటకు 3,320 కిలోకెలోరీలు
1 హార్స్‌పవరు (బ్రిటిష్) = 745.7 వాట్లు = గంటకు 641.2 కిలోకెలోరీలు = గంటకు 2,544 బి.టి.యు.లు
1 హార్స్‌పవరు (మెట్రిక్) = 735.5 వాట్లు = గంటకు 632.4 కిలోకెలోరీలు
1 బాయిలరు హార్స్‌పవరు = సుమారు 9.81 కిలోవాట్లు = గంటకు 33,475 బి.టి.యు.లు
గంటకు 10 లక్షల బి.టి.యు.లు = 293.07 కిలోవాట్లు
గంటకు 1 గిగాకెలోరి (వంద కోట్ల కెలోరీలు) = 1.163 మెగావాట్లు

వీటిలో 860, 3,412, 3,024 అన్న మూడు అంకెలు కంఠస్థం చేసుకుంటే మిగిలినవి కాగితం మీద రాబట్టుకోవచ్చు.

పట్టికలోని బాయిలరు హార్స్‌పవరును చూసి ఆశ్చర్యపోనక్కర లేదు. అది మామూలు హార్స్‌పవరుకు 13 రెట్లు పైనే. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో, ఆనాటి ఆవిరి యంత్రం ఒక హార్స్‌పవరు పని చేయడానికి గంటకు 30 పౌనుల ఆవిరి కావాలన్న అంచనాతో బాయిలర్లను కొలిచారు. తరువాత దానిని 212° ఫారన్‌హీట్ (100° సెల్సియస్) వద్ద ఉన్న 34.5 పౌనుల నీటిని గంటలో అదే ఉష్ణోగ్రత గల ఆవిరిగా మార్చే సామర్థ్యంగా స్థిరపరచారు. ఆ పాత యంత్రాల దక్షత ఎంత తక్కువగా ఉండేదో ఈ 13 రెట్ల తేడాయే చెబుతున్నది. బాయిలరు హార్స్‌పవరును మామూలు హార్స్‌పవరు అనుకొని లెక్కవేస్తే బాయిలరు పదమూడో వంతుకు పడిపోతుంది.

మరొక ఉచ్చు అక్షరాలలో ఉంది. అమెరికా పట్టికలలో బి.టి.యు. ముందు "ఎమ్" అనే అక్షరం ఒకటి ఉంటే వెయ్యి అని అర్థం. అది రోమన్ అంకె. రెండు "ఎమ్"లు ఉంటే పది లక్షలు. మెగావాట్‌లోని "ఎమ్" ఒక్కటే అయినా పది లక్షలు. ఒకే కాగితం మీద రెండూ ఉన్నప్పుడు వెయ్యి రెట్ల పొరపాటుకు అవకాశం ఉంది.

నీటితో లెక్కలు

కిలోకెలోరి అధికారికంగా పక్కకు తప్పుకున్నా పాత ఇంజనీర్లు దానిని వదలకపోవడానికి కారణం లేకపోలేదు. నీటి విశిష్టోష్ణం కిలోకెలోరీలలో 1. లీటరు నీరు సుమారు ఒక కిలో. కనుక గంటకు పారే లీటర్లను ఉష్ణోగ్రతలోని తేడాతో గుణిస్తే చాలు, గంటకు కిలోకెలోరీలు వచ్చేస్తాయి. గంటకు 1,000 లీటర్ల నీటిని 30° నుండి 60° సెల్సియస్ వరకు వేడి చేయాలంటే గంటకు 30,000 కిలోకెలోరీలు, 1.163తో గుణిస్తే 34.9 కిలోవాట్లు. కాలిక్యులేటరు అక్కర లేదు.

అమెరికా పద్ధతిలో నిమిషానికి గాలన్లను ఉష్ణోగ్రత తేడాతోను, 500తోను గుణిస్తే గంటకు బి.టి.యు.లు వస్తాయి. (గాలను నీరు 8.33 పౌనులు, గంటకు 60 నిమిషాలు. ఈ రెంటి లబ్ధం 500.) నీరు 10 ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లబడేటట్లయితే టన్నుకు నిమిషానికి 2.4 గాలన్లు కావాలన్న సూత్రం ఇక్కడి నుండి వచ్చినదే.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. ఉష్ణోగ్రతను మార్చడం వేరు, ఉష్ణోగ్రతలోని తేడాను మార్చడం వేరు. 10° ఫారన్‌హీట్ అనే ఉష్ణోగ్రత సెల్సియస్‌లో మైనస్ 12.2°, కాని 10 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా 5.56 సెల్సియస్ డిగ్రీలు మాత్రమే. తేడాను మార్చేటప్పుడు 32 తీసివేయరాదు.

ఉదాహరణలు

ఐసు ఫ్యాక్టరీ: కాకినాడ, విశాఖపట్నం వంటి తీరపట్టణాలలో వేటకు వెళ్ళే పడవలకు మంచు లేనిదే పని జరగదు. రోజుకు 10 టన్నుల (10,000 కిలోల) మంచు చేసే ఫ్యాక్టరీకి 10 టన్నుల కంప్రెసరు సరిపోతుందా? పేరు చూస్తే సరిపోవాలి. లెక్క చూస్తే సరిపోదు. శీతలీకరణ టన్ను అప్పటికే 0° వద్ద ఉన్న మంచుతో నిర్వచించబడింది. మనకు వచ్చే నీరు 30° వద్ద ఉంటుంది. ఒక కిలో నీటిని 30° నుండి 0° వరకు దించడానికి 30 కిలోకెలోరీలు, గడ్డకట్టించడానికి 80, ఆ గడ్డను మైనస్ 8° వరకు చల్లబరచడానికి 4 (మంచు విశిష్టోష్ణం నీటిలో సగం), మొత్తం 114 కిలోకెలోరీలు తొలగించాలి.

10,000 × 114 = రోజుకు 11,40,000 కిలోకెలోరీలు
÷ 24 = గంటకు 47,500 కిలోకెలోరీలు (55.2 కిలోవాట్లు)
÷ 3,024 = 15.7 శీతలీకరణ టన్నులు

గోడల గుండా వచ్చే వేడి, ఉప్పునీటి తొట్టెను కలియబెట్టే మోటారు వేడి, అచ్చులను తీసేటప్పుడు అయ్యే నష్టం దీనికి అదనం. కరెంటు కోత వలన యంత్రం రోజుకు 20 గంటలే నడిచేటట్లయితే నష్టాలు కలపకుండానే 18.8 టన్నులు కావాలి. పేరును నమ్మి 10 టన్నుల యంత్రం పెట్టినవారికి, అది రోజంతా ఆగకుండా తిరిగినా, 6.4 టన్నులకు మించి మంచు రాదు. మిగిలిన 3.6 టన్నుల మంచు మీద ఆశపెట్టుకున్న పడవలు వేటకు ఆలస్యంగానైనా వెళ్ళాలి, లేదా చేప పాడవుతుందని తెలిసీ వెళ్ళాలి.

ఇంటి ఏ.సి.: ఒకటిన్నర టన్నులు అంటే 18,000 బి.టి.యు./గంట, 5.28 కిలోవాట్లు. ఇది గది నుండి తొలగించే ఉష్ణం, వాడుకునే కరెంటు కాదు. తొలగించిన ఉష్ణాన్ని వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది దక్షతా నిష్పత్తి. అది 3.5 అయితే యంత్రం సుమారు 1.5 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుంది. ఏ.సి. యంత్రాలకు నక్షత్రాల గుర్తు వేయడాన్ని భారతదేశంలో 2010లో తప్పనిసరి చేశారు. ఏడాది పొడవునా మారే వాతావరణాన్ని లెక్కలోకి తీసుకునే నిష్పత్తి 2018 నుండి తప్పనిసరి అయింది. ఆ కాగితం మీద సామర్థ్యాన్ని వాట్లలో ముద్రిస్తారు. "1.5 టన్ను" పేరుతో అమ్ముడయ్యే వాటిలో 5,275 వాట్ల కంటె తక్కువ ఉన్నవి కూడా ఉంటాయి, కొనేముందు టన్నులను కాక వాట్లను చూడడం ఉత్తమం. అమెరికాలో ఇదే నిష్పత్తిని బి.టి.యు.లను వాట్ గంటలతో భాగించి చెబుతారు కనుక అక్కడి 12 మన 3.52తో సమానం (12 ÷ 3.412). అక్కడి బంధువుల ఇంటి ఏ.సి. మన దానికంటె మూడు రెట్లు మెరుగైనదని భ్రమపడరాదు.

కల్యాణ మండపం: ఊరకే కూర్చున్న మనిషి శరీరం నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. రోజుకు 2,000 కిలోకెలోరీల ఆహారం తినే మనిషి సగటున 97 వాట్లు అని లెక్క తేలడం దీనికి సరిపోతున్నది. 500 మంది అతిథులు ఉంటే వారి నుండి వచ్చే వేడి ఒక్కటే 50 కిలోవాట్లు, అంటే 14 టన్నులకు పైన. పైకప్పు, దీపాలు, తెరిచి ఉంచే తలుపులు, హోమం వేరే. ఖాళీగా ఉన్న హాలును చల్లబరచిన ఏ.సి.లు ముహూర్తం వేళకు చేతులెత్తేయడానికి కారణం ఇదే.

నీళ్ళ గీజరు: 15 లీటర్ల నీటిని 30 సెల్సియస్ డిగ్రీలు వేడి చేయడానికి 450 కిలోకెలోరీలు, అనగా 1,884 కిలోజౌళ్ళు కావాలి. 3 కిలోవాట్ల గీజరుకు 628 సెకనులు, సుమారు పదిన్నర నిమిషాలు పడుతుంది. 2 కిలోవాట్లదైతే దాదాపు పదహారు నిమిషాలు. ఖర్చయ్యే కరెంటు రెండింటికీ ఇంచుమించు ఒకటే.

వంటగ్యాసు: కిలో వంటగ్యాసు కాలితే సుమారు 10,900 కిలోకెలోరీలు వెలువడతాయి. గంటకు 150 గ్రాములు కాల్చే పొయ్యి సామర్థ్యం గంటకు 1,635 కిలోకెలోరీలు, అంటే 1.9 కిలోవాట్లు. 14.2 కిలోల సిలిండరులో ఉన్న శక్తి దాదాపు 180 కిలోవాట్ గంటలు. ఇందులో గిన్నెకు చేరేది కొంత మాత్రమే.

థర్మల్ విద్యుత్ కేంద్రాలు

బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలలో ఒక కిలోవాట్ గంట విద్యుత్తుకు ఎన్ని కిలోకెలోరీల ఉష్ణం ఖర్చు చేశారన్నదానిని హీట్ రేటు అంటారు. నష్టాలేవీ లేకపోతే అది 860 కావాలి. అలాంటి కేంద్రం ఉండదు, ఉండబోదు. హీట్ రేటు 2,400 అనుకుంటే దక్షత 860 ÷ 2,400, అనగా 35.8 శాతం.

ఈ హీట్ రేటుతో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు 1,200 గిగాకెలోరీల ఉష్ణం కావాలి. దానిని 1.163తో గుణిస్తే 1,396 మెగావాట్లు. అందులో 500 విద్యుత్తుగా పోగా, 896 మెగావాట్లు పొగగొట్టం గుండాను, అత్యధిక భాగం శీతలీకరణ నీటి ద్వారాను బయటకు పోతాయి. రామగుండం, సింహాద్రి వంటి కేంద్రాలకు అంత నీటి ఏర్పాటు ఎందుకో దీనిని బట్టి గ్రహించవచ్చు. కిలోకు 3,500 కిలోకెలోరీలు ఇచ్చే బొగ్గు అయితే గంటకు 343 టన్నులు కాల్చాలి. హీట్ రేటును కేవలం 10 కిలోకెలోరీలు తగ్గించగలిగినా రోజుకు దాదాపు 34 టన్నుల బొగ్గు మిగులుతుంది. అంత మేరకు బూడిద, పొగ కూడా తగ్గుతాయి.

అణువిద్యుత్ కేంద్రాలకు రెండు మెగావాట్ అంకెలు ఉండడం వలన పాఠకులు తికమకపడుతుంటారు. కూడంకుళంలోని ఒక్కొక్క రియాక్టరు ఉష్ణ సామర్థ్యం 3,000 మెగావాట్లు, విద్యుత్ సామర్థ్యం 1,000 మెగావాట్లు. రెండూ వాట్లే కనుక ఇది ప్రమాణాల మార్పిడి కాదు. వాటి మధ్య ఉన్నది దక్షత. 3,000 మెగావాట్లను ఏ పట్టికతోనూ 1,000గా "మార్చ"లేము.

ఇంధనాల విషయంలో ఇంకొక మెలిక ఉంది. ఇంధనంలోని హైడ్రోజను కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి తిరిగి ద్రవం కాగా వచ్చే ఉష్ణాన్ని కలుపుకొని చెప్పేది స్థూల విలువ, కలుపుకోకుండా చెప్పేది నికర విలువ. వంటగ్యాసుకు ఈ రెంటికీ సుమారు 8 శాతం తేడా ఉంటుంది. పైన ఇచ్చిన 10,900 నికర విలువ. భారతదేశంలో బొగ్గు కేంద్రాల హీట్ రేటును స్థూల విలువతో లెక్కిస్తారు. యూరపులో నికర విలువతో చెప్పడం ఎక్కువ. అందువలన రెండు దేశాల కేంద్రాల దక్షతను పోల్చేముందు అంకెలు ఏ విలువ మీద ఆధారపడినవో చూసుకోవాలి.

వైశాల్యంతో కూడిన ప్రమాణాలు

సౌర ఫలకాలు, గోడలు, పైకప్పుల లెక్కలలో చదరపు మీటరుకు లేదా చదరపు అడుగుకు ఇంత అని సామర్థ్యాన్ని చెబుతారు. గంటకు చదరపు అడుగుకు 1 బి.టి.యు. అంటే చదరపు మీటరుకు 3.155 వాట్లు. నిండు ఎండలో నేల మీద పడే సూర్యరశ్మిని చదరపు మీటరుకు 1,000 వాట్లుగా తీసుకుంటే అది గంటకు చదరపు మీటరుకు 860 కిలోకెలోరీలు, లేదా చదరపు అడుగుకు 317 బి.టి.యు.లు. గోడ గుండా ఒక్కొక్క డిగ్రీ తేడాకు ప్రసరించే ఉష్ణాన్ని చెప్పేటప్పుడు ఫారన్‌హీట్ డిగ్రీ కూడా లెక్కలోకి వస్తుంది కనుక గుణకం మారి 5.678 అవుతుంది. 3.155ను 5/9తో భాగిస్తే ఇది వస్తుంది. మెట్రిక్ పద్ధతిలోని పాత పట్టికలకు ఈ బాధ లేదు. అక్కడ రెంటికీ 1.163 గుణకమే.